నాంచారమ్మ బొటనవేలు

మా షాపుకి బొమ్మల మెడికల్స్ అని పేరు. బోర్డు మీద వేరే ఏదో ఉంటుంది గానీ భవానీపురంలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. చదువురానివాళ్ళు మందులకొస్తే కవరు మీద నేను స్కెచ్ పెన్నుతో బొమ్మలేసి ఇస్తాను. సూర్యుడంటే పొద్దున, చంద్రుడంటే రాత్రి, కంచం గీసి దాని మీద అడ్డంగా కొట్టేస్తే ఏమీ తినకముందు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి. "సూర్యప్రకాష్‌గారు ఎంత ఓపికమంతులండీ" అని నలుగురూ అంటుంటే, నేనేదో పెద్ద పుణ్యాత్ముణ్ణయినట్టు ముసిముసి నవ్వులు నవ్వుకునేవాణ్ణి. ఛీ, ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఎందుకో చెప్పాలంటే నాంచారమ్మ సంగతి చెప్పాలి.

మా షాపు పక్కసందు మొదట్లో గోనెపట్టా పరుచుకుని, కత్తిపీట ముందేసుకుని చేపలు కోసి అమ్మే మనిషి నాంచారమ్మ. యాభై ఆరేళ్ళుంటాయి. సొంతూరు నాగాయలంక అవతల. పెళ్ళయిన ఏడాదే బెజవాడ వచ్చేశారు. మొగుడు కాశీరావు కొన్నాళ్ళు కృష్ణలో వలేశాడు, తర్వాత నడుం పట్టేసి మంచానికి అంటుకుపోయాడు. అప్పట్నించీ ఇల్లు ఈవిడ రెక్కల మీదే నడిచింది. కొడుకు నాగబాబుకి ఆటో కొనిపెట్టింది, కూతురికి పెళ్ళి చేసింది. ఎనిమిదింటికల్లా గంపతో వచ్చి కూర్చుంటుంది, పన్నెండయ్యేసరికి గంప బోర్లించి సందంతా నీళ్ళు కొట్టి మరీ వెళ్ళిపోతుంది. నేను పిన్నీ అంటాను. నన్ను బాబుగారూ అంటుంది.

ఆవిడ చేపలమ్మడం చూసి తీరాలి. శీలావతి చేపని చేతిలోకి తీసుకుని, పొట్ట మీద కుడి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతుంది. వేలు తీశాక గుంట పూడితే తాజాది. పూడకపోతే, "ఇది మొన్నటిదండీ, ఐసులో పడుకోబెట్టిన సరుకు, మీకొద్దు" అని తన చేపని తనే పక్కన పడేస్తుంది. కొనడానికొచ్చినవాళ్ళు "ఫర్వాలేదులే ఇవ్వవే" అన్నా ఇవ్వదు. "నా చేత్తో ఇచ్చింది తిని మీకు విరోచనాలైతే నాకు నిద్ర పడుతుందాండీ?" అనేది. అదే గోడకి ఇవతల, ఏసీలో, గుండీలు పెట్టుకున్న తెల్లకోటేసుకుని నేను కూర్చుంటాను. డిప్లొమా చదివినవాణ్ణి. మా నాన్న ఉయ్యూరు దగ్గర చెరుకు పొలం చేసి మరీ చదివించాడు నన్ను.

నాంచారమ్మకి షుగరని ఐదేళ్ళ కిందట తేలింది. డాక్టర్ పద్మశ్రీగారిది మా వీధి చివరే క్లినిక్కు. అన్నం తగ్గించమన్నారు, మాత్రలు రాశారు. నాంచారమ్మ చెప్పిన మాట జవదాటే మనిషి కాదు. పూటకి ఒక్క కప్పంటే ఒక్క కప్పే. పొద్దున్నే రెండు పెసరట్లో, ఇంత గంజిలో చేప ముక్కో తినేది. షుగరు నూట నలభై, నూట యాభై మధ్యన బుద్ధిగా ఉండేది. అట్లాగే ఉండనిస్తే నా సొమ్మేం పోయింది?

కిందటి వేసవిలో చక్రి అనే కంపెనీ రెప్ వచ్చాడు. టై కట్టుకుని, చెమటలు కక్కుతూ, చేతిలో ట్యాబు. వాడి వెనక ఆటోలో గాజు తలుపుల అర ఒకటి, లోపల లైటుతో సహా. అందులో పొద్దుటి పూట పాలల్లో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్‌లాంటి రేకుల డబ్బాలు, తళతళలాడే కాగితాల్లో చుట్టిన స్నాక్ బార్లు. "సార్, షుగర్ పేషెంట్లందరూ మీ దగ్గరికే కదా వస్తారు. టెస్ట్ స్ట్రిప్పులు పెట్టేచోటే ఇవీ కనబడాలి సార్. షుగరు వాళ్ళ కోసమే స్పెషల్‌గా చేశాం" అన్నాడు. డబ్బా మీద చూద్దును గదా, గోధుమ కంకులు, తేనె బొట్టు, గుండె బొమ్మ, పరుగెత్తుతూ పళ్ళికిలిస్తున్న ఒక నెరిసిన జుట్టాయన. నాకు అంతకంటే ఏం కావాలి? ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్జుకీ, షుగరు మిషన్లకీ మధ్యన ఆ అర నిలబెట్టించాను. లైటు వేసి దూరం నుంచి చూసుకుని మురిశాను కూడా. డబ్బా వెనక్కి తిప్పి చదవలేదు. మాత్రల అట్ట మీద నువ్వుగింజంత అక్షరాలు కూడా కళ్ళజోడు పెట్టుకుని చదివే నేను, దాన్ని మాత్రం తిప్పి చూడలేదు.

నాలుగు రోజులకి నాంచారమ్మ మాత్రలకొచ్చింది. అర వంక చూసి, "బాబుగారూ, ఇదేం మందండీ, లైటేసి పెట్టారు?" అంది.

"షుగరు వాళ్ళకోసం పిన్నీ. మంచిది" అన్నాను.

"మరి నాకు ముందే చెప్పలేదేమండీ? ఎప్పుడెప్పుడు వేసుకోవాలి?"

కౌంటరు దగ్గర ఆరుగురున్నారు. ఒకడు దగ్గు మందుకి, ఒకావిడ డైపర్లకి, ఒకాయన చిల్లరకి ప్రాణం తీస్తున్నారు. నా చెయ్యి దాని మానాన అది డబ్బాని దగ్గరికి లాక్కుంది, పెన్ను మూత పీకింది. రేకుల డబ్బా మీద సూర్యుడు, పక్కనే కొట్టేసిన కంచం. బార్ల అట్టపెట్టె మీద కూడా సూర్యుడు. గీసేసి, మాత్రలతో పాటు ఒకే కవర్లో పడేసి ఇచ్చాను. ఆవిడ ఆ కవరుని కళ్ళకద్దుకుంది. నాకు బాగా గుర్తు, కళ్ళకద్దుకుంది.

అంతే, అప్పట్నించీ అది ఆవిడకి మందు. తిండి కాదు, మందు. పొద్దున లేవగానే పరగడుపున పాలు పోసుకుని గిన్నెడు రేకులు, పైన ఒక బారు. ఆ తర్వాత మామూలుగా టిఫిను. మందు వేసుకున్నాక టిఫిను తినాలి గదా! పైగా వేడి చేస్తుందేమోనని, చేప మానేసింది. నలభై ఏళ్ళు చేపల మధ్య బతికిన మనిషి, ఒంటికి పనికొచ్చే ఆ ఒక్కటీ మానేసి, తేనెపాకంలో ముంచిన బొరుగులు నమిలింది. నాకీ సంగతేమీ తెలియదు. పదిహేను రోజులకోసారి డబ్బా అడిగేది, ఇచ్చేవాణ్ణి.

వానాకాలంలో జెల్ల చేప ముల్లు గుచ్చుకుంది. జెల్ల రెక్కకి ముల్లుంటుంది, గుచ్చుకుంటే విషం ఎక్కినట్టు సలుపుతుంది. చేపలవాళ్ళకి అదేం వింత కాదు, ఏడాదికి రెండుసార్లు మామూలే, పసుపు పెట్టి గుడ్డ కడితే మూడోరోజుకి మానిపోతుంది. ఈసారి మానలేదు. కుడి బొటనవేలు, గోరు కింద. పదిరోజులకి నల్లబడింది. చీము పట్టింది. పద్మశ్రీగారు శుభ్రం చేసి, యాంటీబయాటిక్ రాసి, మాత్రలతో సరిపోదని ఇన్సులిన్ మొదలుపెట్టారు. "నాంచారమ్మా, మూడు వారాలు చూస్తాను. షుగరు దిగితే పుండు మానుతుంది. దిగకపోతే ఎముకలోకి పాకుతుంది. అప్పుడు వేలు ఉంచడం నా చేతుల్లో ఉండదు" అన్నారట.

ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "వేలు తీసేస్తే చేపనెట్లా నొక్కి చూస్తానండీ బాబుగారూ? మంచిదో కాదో నాకెట్లా తెలుస్తుంది?" అంది. అరుద్దామని కాదు, ఏడుద్దామని కాదు, నిజంగానే నన్నడుగుతోంది. తర్వాత సంచీలోంచి రేకుల డబ్బా, బార్ల పెట్టె తీసి కౌంటరు మీద పెట్టింది. "జబ్బు ముదిరింది గదండీ. ఇది రాత్రి కూడా వెయ్యమంటారా?"

నేను ఫోనులో ఉన్నాను. స్టాకిస్టుతో పోట్లాడుతున్నాను, రావాల్సిన సరుకు రాలేదని. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, డబ్బా మీదా పెట్టె మీదా సూర్యుడి పక్కన చంద్రుణ్ణి కూడా గీసి ఇచ్చేశాను. ఈ చేతితోనే. వింటున్నారా? నా చేతికి ఏ జెల్ల ముల్లూ గుచ్చుకోలేదు.

మొదటి వారం పరగడుపున రెండొందల డెబ్బై నాలుగు. ల్యాబువాళ్ళు "ఏమైనా తిన్నారా అమ్మా?" అని అడిగితే, "లేదండీ, మందే వేసుకున్నాను" అంది. అబద్ధమాడలేదు పాపం. డాక్టరుగారు ఇన్సులిన్ పెంచారు. రెండో వారం రెండొందల ఎనభై ఒకటి. "ఇంట్లో చాటుగా స్వీట్లు తింటున్నావా?" అని ఆవిడ కోప్పడితే, నాంచారమ్మ దుర్గమ్మ మీద ఒట్టేసి, బయటికొచ్చి కళ్ళు తుడుచుకుందట. కొడుకు నాగబాబు చెప్పాడు.

ఆ తర్వాతి శుక్రవారం. నాంచారమ్మకి శుక్రవారాలు ఒక్కపొద్దు. దుర్గమ్మ పేరు మీద పగలంతా ఏమీ ముట్టదు, పొద్దుగూకాక ఒక్కసారే తింటుంది. పదకొండింటికి నేను టీకని బయటికొచ్చాను. వేలికి కట్టుతోనే, ఎడంచేత్తో చేపలు అందిస్తూ కూర్చుని ఉంది. నాకు ఒళ్ళు మండింది. "ఏం పిన్నీ, ఇన్సులిన్ పొడుచుకుని ఉపవాసమేంటి? కళ్ళు తిరిగి కత్తిపీట మీద పడితే ఎవరు దిక్కు?" అని కేకేశాను. నవ్వుతూ నా వంక తిరిగింది. బుగ్గ ఉబ్బి ఉంది. ఏదో నములుతోంది.

"ఒక్కపొద్దన్నావు?"

"ఒక్కపొద్దేనండీ. ఇది మందు గదా, మందుకి దోషమేముంటుందండీ? మూడు ముద్దలు మింగినా అమ్మవారేమీ అనుకోదు" అని, చేతిలో సగం కొరికిన బారు చూపించింది.

గంప పక్కన అట్టపెట్టె ఉంది. దాని మీద నా సూర్యుడు, నా చంద్రుడు. చేప నీళ్ళు పడి కొంచెం అలుక్కుపోయినా, నా రాత నాకు తెలియదా? షాపులోంచి మిషను తెచ్చి అక్కడే ఆవిడ వేలు గుచ్చాను. మూడొందల నలభై ఒకటి.

లోపలికెళ్ళి, మొట్టమొదటిసారి డబ్బా వెనక్కి తిప్పాను. బారులో మొదట గ్లూకోజు పాకం, తర్వాత తేనె, తర్వాత ఖర్జూరం ముద్ద, ఆ తర్వాతే గింజలు. రేకుల్లో మొక్కజొన్న పిండి, దాని వెనకే చక్కెర, మాల్టు. ఉడకబెట్టి, నలిపి, రేకులు కొట్టి కాల్చిన పిండి. నమలడానికే పని లేనిది కడుపులో అరగడానికి ఎంతసేపు? నోట్లో పడ్డదే తడవు రక్తంలో తేలుతుంది. అందులో చక్కెర చుక్క కలపకపోయినా షుగరు ఎగబాకి తీరుతుంది. ఒక పూటకి ఇంత అని రాసిన లెక్క చూస్తే పిల్లాడి గుప్పెడు కూడా లేదు, నాంచారమ్మ తింటున్నది గిన్నెడు. ఒక బారు విప్పి నోట్లో పెట్టుకున్నాను. థూ! పళ్ళకి బంకలా అతుక్కుంది. ఒట్టి తీపి, చెత్తబుట్టలో ఉమ్మేశాను. ఇన్సులిన్ ఫ్రిజ్జు పక్కన లైటేసి మరీ పెట్టుకున్నాను నేను దీన్ని.

చక్రికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు అంతా విని, "సార్, షుగరు వాళ్ళకి అని మేమెక్కడా ప్రింటు చెయ్యలేదు సార్. ఆరోగ్యకరమైన జీవితం కోసం అనే ఉంటుంది. కావాలంటే చూసుకోండి" అన్నాడు. చూశాను. నిజమే. ఎక్కడా లేదు. షుగరు వాళ్ళకి అన్నది వాడి నోరు, నా నోరు. అట్ట మీద మందని రాసింది నా పెన్ను. సిగ్గులేని వెధవలం ఇద్దరం, కాకపోతే వాడికి టై ఉంది, నాకు తెల్లకోటుంది.

ఇక్కడిదాకా చేసింది పొరపాటని సరిపెట్టుకుందామన్నా, ఆ తర్వాత చేసినదానికి నా దగ్గర పేరు లేదు. చెప్పాలని బయటికొచ్చాను. సందులో నలుగురు చేపలకి నిలబడి ఉన్నారు, అందరూ నా దగ్గర మందులు కొనేవాళ్ళే. పద్మశ్రీగారికి తెలిస్తే? ఆవిడ రాసే చీటీలన్నీ నా షాపుకే వస్తాయి. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. "పిన్నీ, ఆ డబ్బాలు ఇక రావు. కంపెనీవాళ్ళు ఆపేశారు. మానెయ్" అన్నాను.

"అయ్యో, మరెట్లాగండీ? వేలు ఇట్లా ఉంటే?" అంది.

"ఏం కాదులే, మాత్రలూ సూదీ చాలు" అని లోపలికొచ్చేశాను. మధ్యాహ్నానికి అర పీకించి పంపేశాను. పెద్ద పనే చేశాననుకున్నాను. ఆ పూట గుత్తివంకాయ కూరతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను కూడా.

పైవారం శనివారానికి నాంచారమ్మ రాలేదు. గోనెపట్టా పరిచేచోట ఖాళీగా ఉంది. సాయంత్రం నాగబాబు ఆటో ఆపి, "అమ్మని ఆసుపత్రిలో పెట్టామండీ. షుగరు దిగలేదు. ఎముకకి పట్టేసిందట. వేలు తీసేశారు" అన్నాడు. ఎంతవరకు అంటే, తన బొటనవేలి మొదలు చూపించాడు. ఎనిమిది రోజులైంది గదా ఆ డబ్బాలు మానిపించి, మరి ఎట్లా దిగలేదు? నా బార్ల వల్ల కాదేమోలే, జబ్బే మొండిదేమోలే అని కూడా అనుకున్నాను. ఆ అనుకోవడంలో చిన్న ఊరట కూడా దొరికింది నాకు. ఎంత నీచమో చూడండి.

మూడు వారాలకి తనే వచ్చింది. చేతికి తెల్లగా కట్టు. బక్కచిక్కింది. కౌంటరు మీద చీటీ పెట్టి, "మీకు చెప్పాలండీ బాబుగారూ" అంది. "మీరు కంపెనీ ఆపేసిందన్నారు గదా. నేనూరుకోలేదండీ. మా నాగబాబుని బెంజ్ సర్కిల్ దగ్గర పెద్ద షాపుకి పంపాను. అక్కడ దొరికిందండీ, నాలుగు డబ్బాలు! వేలు తీసే రోజు దాకా ఒక్క పూట మానలేదు. పొద్దునా వేసుకున్నాను, రాత్రీ వేసుకున్నాను. నా తప్పేమీ లేదండీ. నా రాతే అట్లా ఉంది."

షాపులో అప్పుడు ముగ్గురున్నారు. ఒకావిడ పసిపిల్లకి జ్వరం మందు కోసం నిలబడింది. నేను కౌంటరు అవతలికి వెళ్ళి నాంచారమ్మ ముందు నిలబడ్డాను. "పిన్నీ, అది మందు కాదు. తీపి. దానివల్లే షుగరు పెరిగింది. నాకు ఆ శుక్రవారమే తెలిసింది. కంపెనీ ఆపలేదు. నీకు చెప్పడానికి సిగ్గేసి అబద్ధమాడాను" అన్నాను. అందరికీ వినబడేట్టే అన్నాను.

ఆవిడ కట్టు మీద ఈగ వాలితే తోలుకుంది.

"శుక్రవారమే తెలిసిందా?"

"తెలిసింది."

"అప్పుడే చెప్పుంటే వేలుండేదా అండీ?"

ఆ మాట పద్మశ్రీగారిని అంతకుముందు వారమే అడిగాను, ఎవరి సంగతో చెప్పకుండా. చెప్పలేం, వేలు తీసే ముందు వారమైనా షుగరు దిగి ఉంటే కాపాడొచ్చేమో అన్నారు. లేదు పిన్నీ, ఎట్లాగూ పోయేదే అని నేననొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఉండేదేమో పిన్నీ" అన్నాను.

నాంచారమ్మ తలూపింది. తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. ఎడంచేత్తో చీటీ తీసుకుని మడత పెట్టి రొంటిన దోపుకుంది. జ్వరం మందు కోసం నిలబడ్డావిడ వైపు తిరిగి, "అమ్మా, ఆయనిచ్చేది డాక్టరమ్మకి చూపించి మరీ పిల్లకి పొయ్యి" అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ పసిపిల్ల తల్లి నా చేతిలో సీసా వంక చూసింది, నా వంక చూసింది. తీసుకోకుండానే వెళ్ళిపోయింది.